ఇరవై మూడో దిబ్బ

దీన్ని దీవి అంటుంది ఆచాన్ రుంగ్నపా.
నాకు మాత్రం ఇది కొండ నెత్తి.
దీని నడుము దగ్గర మా అమ్మమ్మ చలూయ్
మిరియాల తీగలు పాకించేది.
పాదాల దగ్గర మా వంటిల్లు.
ఆనకట్ట తలుపులు మూశాక
నీళ్లు ముందు వాకిట్లోకి వచ్చాయి,
తర్వాత చూరు దాకా,
తర్వాత చూడ్డానికి ఎవరూ లేరు.

కొండలన్నీ పీకల్లోతు మునిగి
చిన్న చిన్న అడవులుగా తేలాయి.
ఆ రోజు ఏ జంతువు ఎక్కడుంటే అదే దాని దేశం.
సరిహద్దు ఎవరూ గీయలేదు. నీళ్లు నిలబడ్డాయంతే.

నేను పడవ నడుపుతాను. డీజిలు ఆవిడది, కూలి నాది.
రేకు బోనుల్లో మగ్గిన అరటిపండు, కాస్త కొబ్బరి కోరు పెట్టి
సాయంత్రం వదిలి, తెల్లారి తెరుస్తాం.
పెద్ద దీవి గట్టుకి కూతవేటు దూరం.
అక్కడ బోను బోనుకీ ఓ కొత్త మొహం:
ముళ్ల ఎలుక, పొడుగు తోక ఎలుక, మూడు రంగుల ఉడుత.
ఒకసారి, బోనులో పట్టని మూషికజింక
బయట నిలబడి మమ్మల్నే లెక్కపెట్టింది.
పదకొండు రకాలు, అని రాసుకుంది ఆవిడ.

ఇరవై మూడోది నడి సరస్సులో ఉంటుంది.
చుట్టూ తిరిగొచ్చేసరికి
నా ఆకుచుట్ట సగం కూడా కాలదు.
ఇరవై బోనులకి ఇరవై ఎలుకలు, ఒకే రకం,
పొలంగట్ల ఎలుక. నీళ్లు నిలిచాక ఎప్పుడో ఈదుకొచ్చింది.
ఏదైనా తింటుంది. ఎవరినైనా తరుముతుంది.

ఎందుకిలా అనడిగాను, మొదటి ఏడు.
"గిన్నె చిన్నదైతే మెతుకులు తక్కువ," అంది ఆవిడ.
"గిన్నె దూరంగా ఉంటే వడ్డించేవాళ్లూ రారు.
చచ్చేవి ఎక్కడైనా చస్తూనే ఉంటాయి.
గట్టు దగ్గరైతే ఎవరో ఒకరు ఈదొచ్చి ఆ ఖాళీలో కూర్చుంటారు.
ఇక్కడ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది."

మా పునరావాస కాలనీ గుర్తొచ్చింది నాకు, రోడ్డుకి ఆఖరి వరుస.
ప్రయూన్ పోయాక తోలుబొమ్మల పెట్టె ఎవరూ తెరవలేదు.
మంత్రసాని పోయింది. ఆమె చోటూ అంతే.
ఇప్పుడు ఇంటింటా
రబ్బరు చెట్లు గీసేవాళ్లే.
ఈ మాట ఆవిడకి చెప్పలేదు. ఆవిడ లెక్క జంతువుల లెక్క.

పోయిన వేసవి చివర, ఇరవై మూడో దిబ్బ మీద,
పదిహేడో బోనులో, చెట్టుచుంచు.
ఆడది. తోక కొస ఎవరో కొరికేశారు.
ఆవిడ దాన్ని సంచిలో తూచి, చెవికి ఇత్తడి బిళ్ల వేసి,
నాలుగు వందల ఆరు, అని రాసుకుంది.
"ఇక్కడ ఇదే ఆఖరిదేమో."
పెద్ద దీవికి తీసుకెళ్దామా అన్నాను.
"మనం మోస్తే అది లెక్క కాదు. వదిలేయ్."
ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆవిడ అవతలి బోనుల వైపు వెళ్లాక
నా అన్నం డబ్బా బోర్లించాను.
ఎండుచేప చెదలపుట్ట మీద పడింది.
ఇంజను మోతలో గోళ్ల చప్పుడు వినపడలేదు.
పెద్ద దీవి దగ్గర, తాడు చిక్కుపడిందన్న నెపంతో దిగి,
మూత తీశాను.

అది వెంటనే పోలేదు.
అంత అడవిని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియనట్టు
కాసేపు నా మడమ పక్కనే కూర్చుంది.

తర్వాతి నెల పుస్తకంలో దాని గడిలో ఆవిడ సున్నా చుట్టింది.
ఆ సున్నా మీదే కలం రెండు మూడు సార్లు తిప్పింది.
నేను చుక్కాని తుడుస్తున్నాను.

పెద్ద దీవిలో పదకొండు పదకొండుగానే ఉంది.
చెట్టుచుంచులు అక్కడ ముందే ఉన్నాయి కదా.
ఇత్తడి బిళ్లది మాత్రం ఇంకా బోనులో పడలేదు.
పడితే నా కూలి పోతుంది.
పడకపోతే,
ఏమో.

ఇప్పుడు రోజూ తెల్లారి
మొదటి బోను మూత నేనే ఎత్తుతాను,
ఆవిడ చెప్పులు వేసుకునేలోపు.